గ్రేట్ డేన్ కుక్కపిల్లని తెచ్చుకునే ముందు

చిరంజీవి మధుకి, మీ పెదనాన్న ఆశీస్సులు.

గ్రేట్ డేన్‌ని పెంచాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. వద్దనను. కానీ పెరట్లో గొలుసేసి కాపలాకి ఉంచే ఆలోచనైతే వేరే జాతి చూసుకో. ఒకప్పుడు జర్మనీలో అడవిపందుల వేటకి పెంచినవే అయినా, ఇప్పటివి మనుషుల్ని ఒరుసుకుని తిరిగే కుక్కలు. ఒంటరిగా వదిలేస్తే దిగులుపడి తలుపులు కొరుకుతాయి. మగది భుజం దగ్గర 80 సెంటీమీటర్లు దాటుతుంది, బరువు 65 నుంచి 80 కిలోలు. ఆయుష్షు మాత్రం 7 నుంచి 10 ఏళ్లే. ఇది ఇంట్లోవాళ్లందరికీ ముందే చెప్పు.

మనవాళ్లు చెడగొట్టేది మొదటి ఏడాదిన్నరలోనే. ఎముక పుష్టి అని కాల్షియం సిరప్పు పోస్తారు. ఆర్నెల్లలోపు పిల్ల పేగులకి ఎక్కువైన కాల్షియాన్ని ఆపే శక్తి ఉండదు, పోసిందంతా పీల్చుకుంటాయి. దాంతో ఎముక పెరిగే తీరు చెడి ముంగాళ్లు వంకరపోతాయి. పెద్ద జాతి పిల్లల మేత, కాల్షియం 1 నుంచి 1.5 శాతం ఉన్నది కొను. ఆపైన చుక్క సిరప్పు కూడా వద్దు. బొద్దుగా చెయ్యాలనీ చూడకు. చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనపడాలి. 18 నెలలు నిండేదాకా మేడమెట్లు ఎక్కించొద్దు, బండి వెనక పరిగెత్తించొద్దు. టైల్స్ మీద కాళ్లు జారకుండా నడిచే దారిలో పట్టలు పరిచిపెట్టు.

ప్రాణం మీదికి తెచ్చేది కడుపు మెలిక. ఛాతీ లోతైన కుక్కల్లో కడుపు గాలితో ఉబ్బి, గిరుక్కున తిరిగి, రక్తం అందకుండా పోతుంది. కక్కబోతుంది, ఏమీ రాదు. జొల్లు తీగలుగా కారుతుంది, ఒకచోట నిలవదు, మాటిమాటికీ పొట్టవైపు తల తిప్పి చూస్తుంది. పక్కటెముకల వెనక వేలితో తడితే డప్పులా మోగుతుంది. వాము నీళ్లు, సోడా అంటూ కూర్చోకు, గంటల్లో ఆపరేషన్ జరక్కపోతే బతకదు. రాత్రి పన్నెండింటికి ఆ ఆపరేషన్ ఒంగోల్లో ఎవరు చేస్తారో, లేకపోతే ఎక్కడికి తీసుకెళ్లాలో ఇప్పుడే కనుక్కుని ఫోన్ నంబరు గోడమీద రాసిపెట్టు. ఒంగోలు నుంచి తిరుపతికైనా చెన్నైకైనా దారి దూరం, అప్పటికప్పుడు వెతుక్కుంటే కుదరదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించేటప్పుడే కడుపుని పొట్ట గోడకి కుట్టించేస్తే, గాలి పట్టినా మెలిపడే భయం చాలావరకు పోతుంది. రోజు మేతని రెండు మూడు పూటలుగా విడగొట్టు. తిన్నాక గంటన్నర పరుగు, ఆట లేకుండా చూడు. గిన్నెని ఎత్తు స్టాండు మీద పెట్టమని చెప్పేవాళ్లుంటారు, నేనైతే నేలమీదే పెట్టమంటాను.

ఇంటి కూర అన్నంలో కలపొద్దు, ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి. ఆదివారం కోడికూర ఎముకలూ అంతే, ఉడికినవి చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి. పెరుగన్నం కొద్దిగా పెట్టొచ్చు.

మన ఎండల సంగతి వేరే చెప్పాలా? రోహిణి కార్తెలో పొద్దున ఆరింటికల్లా నడక ముగించు, మళ్లీ చీకటి పడ్డాకే. రోడ్డుమీద అరచెయ్యి ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని కాళ్లూ కాలతాయి. కుక్క ఒంటి వేడి మామూలుగా 101, 102 డిగ్రీలుంటుంది. 104 దాటి రొప్పుతూ తూలుతుంటే వడదెబ్బే. కుళాయి నీళ్లు ఒళ్లంతా పోసి, ఫ్యాను పెట్టి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

గోమార్లని తేలిగ్గా తీసుకోకు, కుట్టి జబ్బులు అంటిస్తాయి. చెవుల లోపలా, వేళ్ల సందుల్లోనూ రోజూ చూడు. జ్వరం, పాలిపోయిన చిగుళ్లు, ముక్కులోంచి రక్తం కనిపిస్తే రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు చూపించు. పశువులకి కొట్టే మందు కొలత లేకుండా పూస్తే విషమెక్కుతుంది.

గచ్చుమీద పడుకుంటే మోచేతులు కాయలు కాస్తాయి, మందంగా పరుపు వెయ్యి. తోక ఊపి ఊపి గోడకి కొట్టుకుని చివర చీలడం ఈ జాతికి మామూలే. అది మానడానికి వారాలు పడుతుంది, అందుకని ఇరుకు సందులో ఉంచకు.

పిల్లని చూడబోయినప్పుడు తల్లిదండ్రుల గుండె స్కానింగు, తుంటి ఎక్స్‌రే అడుగు. చూపించనివాళ్ల దగ్గర కొనకు. 8 వారాలు నిండనిదాన్ని తేవద్దు. జనవరిలో తెచ్చుకుంటే టీకాల వరస, రేబిస్ సూదితో సహా, ఎండలు ముదిరేలోపు అయిపోతుంది.

ఇట్లు,
మీ పెదనాన్న