నెల్లూరులో పేరు తెలియకుండా కొన్న బుల్లి సిక్లిడ్ (అక్వేరియం చేప) ఏ జాతి? ఎలా గుర్తుపట్టాలి?

ట్రంక్ రోడ్డు వైపు షాపుల్లో పేరు చెప్పకుండా అమ్మే రెండంగుళాల సిక్లిడ్‌ని రంగు చూసి తేల్చకండి. బెదిరినా, లైటు మారినా రంగు మారిపోతుంది. ముందు ఒంటి ఆకారం చూడండి.

సన్నగా పొడుగ్గా ఉండి, కంటి నుంచి తోకదాకా నల్లచార సాగితే బహుశా ఎపిస్టోగ్రామా అనే గుంపుది. మగదానికి వీపు రెక్క ముందు ముళ్ళు కోడిపుంజు జుట్టులా లేచి ఉంటే ఆ గుంపులో కకాటుయోయిడెస్ జాతి. తోక మధ్యలో మొన తేలితే అగసిజీ. ఆడదాన్ని చూసి జాతి చెప్పడం నిజంగా కష్టం. పిల్లల్ని కాసే వేళ చాలా జాతుల్లో ఆడవి పసుప్పచ్చగా మారతాయి.

ఒళ్ళు ఎత్తుగా, పక్కన నల్లమచ్చతో ఉంటే రామ్ అనే సిక్లిడ్. ఒంటి మీద నీలి చుక్కలు మెరిస్తే వెనెజులా, కొలంబియాల ఒరినోకో నదీ ప్రాంతపు రామ్. అవి లేకపోతే బహుశా బొలీవియన్ రామ్.

జాతి అడుగుతూ ఫోటో పెట్టేటప్పుడు రెక్కలు విప్పిన క్షణంలో, పక్కనుంచి తీయండి.