లైట్ స్ట్రింగ్ అంటే కాంతి దారం కాదు

ప్రశ్న: సర్, మాది పరకాల దగ్గర ఊరు. మా బిడ్డ సర్కారు బడిల పదో తరగతి దాకా చదివి మంచి మార్కులు తెచ్చుకున్నది. ఇప్పుడు హన్మకొండల హాస్టల్‌ల ఉండి ఇంటర్ ఫస్టియర్ బైపీసీ చదువుతున్నది. సార్లు చెప్తే సమజైతది గానీ పుస్తకం తెరిస్తే ఇంగ్లిష్ అర్థమైతలేదని ఏడుస్తున్నది. స్పోకెన్ ఇంగ్లిష్‌ల చేర్పించాల్నా, నీట్ తెలుగుల రాయించాల్నా, లేకుంటే సీఈసీకి మార్చాల్నా? చిన్నప్పుడే కాన్వెంటుకు పంపక మేమే తప్పు చేసినమా?

జవాబు: దసరా సెలవులకు పిల్లలు ఇళ్లకు వచ్చి పోయాక ఇలాంటి ఉత్తరాలు మొదలవుతాయి. ఊరి పేరు మారుతుంది, ప్రశ్న మారదు. మీరు మూడు దారుల గురించి అడిగారు గానీ, మిమ్మల్ని తొలిచేస్తున్నది నాలుగోది: బిడ్డకు తెలివి సరిపోదేమోనని. సార్లు చెప్తే అర్థమవుతోందని మీరే రాశారు. విని అర్థం చేసుకునే పిల్లకు బైపీసీ చదివే శక్తి ఉంది. ఆమెకు అడ్డం పడుతున్నది పుస్తకంలో వాక్యం కట్టిన తీరు.

నమ్మకం కుదరకపోతే పరీక్ష పెట్టి చూడండి. పాత ఎప్‌సెట్ పేపర్లలో ప్రశ్నలు ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ ఉంటాయి. క్లాసులో అయిపోయిన పాఠాల నుంచి 20 ప్రశ్నలు తీసి, తెలుగు భాగాన్ని కాగితంతో మూసి చేయించండి. తర్వాత తప్పు పోయిన వాటిని మాత్రం తెలుగులో చూపించి మళ్లీ చేయించండి. తెలుగులో చూడగానే సరైనవన్నీ భాష దగ్గర పోయినవి. రెండుసార్లూ తప్పయితే ఆ పాఠం రాలేదని అర్థం. ఈ లెక్క తెలియకుండా గ్రూపు మార్చడమంటే రక్తపరీక్ష చేయించకుండా మందు మింగించడమే.

ఇక స్పోకెన్ ఇంగ్లిష్. దీనిమీద నాకున్న అనుమానాలు దాచను. ఆ క్లాసుల్లో పలకరింపులు, తమను తాము పరిచయం చేసుకోవడం, పన్నెండు టెన్సుల పట్టికలు నేర్పుతారు. సైన్సు పుస్తకంలో ఎవరూ ఎవరినీ పలకరించరు. వాక్యాల్లో ఎక్కువ భాగం సింపుల్ ప్రెజెంట్, దానికి తోడు పాసివ్. ఆ రెండూ వస్తే పేజీలో చాలా భాగం నడుస్తుంది. ఇంటర్వ్యూకో ఉద్యోగానికో స్పోకెన్ క్లాసు పనికొస్తుంది, కాదనను. ఇప్పుడు ఆ రెండు నెలల సాయంత్రాలు పోతే పోయేవి జువాలజీ చదవాల్సిన సాయంత్రాలు. పుస్తకం చదవలేని పిల్లను మాట్లాడే క్లాసుకు పంపితే మాటలు వస్తాయేమో గానీ పేజీ అలాగే ఉంటుంది. ఫోన్‌లో అనువాద యాప్ ఉందిగా అంటారు కొందరు. ఒక్కో మాటా అందులో కొట్టి చూస్తే అసలు తికమక అక్కడే పుడుతుంది.

ఎందుకంటే ఆమెను పడగొట్టేవి పెద్ద పదాలు కావు. ఫొటోసింథసిస్ అంటే కిరణజన్య సంయోగక్రియ అని బడిలోనే నేర్చుకుంది. తెలిసినట్టు కనిపించే చిన్న మాటలతోనే ముప్పు. కప్పీ లెక్కలో లైట్ స్ట్రింగ్ అంటే ద్రవ్యరాశి లెక్కలోకి తీసుకోనక్కర్లేని దారం. అక్కడ కాంతి ఊసే లేదు. స్మూత్ అంటే ఘర్షణ లేని, నార్మల్ అంటే లంబం. డ్రాప్డ్ అన్నారంటే తొలివేగం సున్నా అని ఇచ్చేసినట్టే, పిల్లలేమో ఇంకేమైనా ఇచ్చారా అని వెతుకుతారు. కెమిస్ట్రీలో సొల్యూషన్ ద్రావణం, బేస్ క్షారం. బోటనీలో వెసెల్ అంటే నీళ్లు మోసే నాళం.

అన్నిటికన్నా ఎక్కువ మార్కులు తినేవి టు, బై. స్థిర ఉష్ణోగ్రత దగ్గర వాయువు ఘనపరిమాణం నాలుగో వంతు‘కు’ (టు) తగ్గించారంటే పీడనం 4 రెట్లవుతుంది. నాలుగో వంతు ‘మేర’ (బై) తగ్గించారంటే మిగిలింది నాలుగింట మూడు వంతులు, కాబట్టి పీడనం 4/3 రెట్లే. ఇంగ్లిష్‌లో తేడా ఒక్క చిన్న మాట, ఆప్షన్లలో మాత్రం రెండు జవాబులూ కూర్చుని ఉంటాయి. లిటిల్ అంటే దాదాపు లేనట్టు, ఎ లిటిల్ అంటే కొంచెం ఉన్నట్టు. రెస్పెక్టివ్‌లీ అంటే వరుసగా: మొదటిదానికి మొదటిది, రెండోదానికి రెండోది. ఎక్సెప్ట్, అన్‌లెస్, నాట్ ఇన్‌కరెక్ట్ కనిపిస్తే పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టాలి. నాట్ ఇన్‌కరెక్ట్ అంటే సరైనది అని పక్కనే రాసుకున్నాకే ఆప్షన్లు చూడాలి.

పొడుగు వాక్యాలకు మన తెలుగే పనికొస్తుంది. ఆఫ్ అనే మాట కనిపిస్తే వెనక నుంచి చదవమనండి. రేట్ ఆఫ్ ఛేంజ్ ఆఫ్ మొమెంటమ్: వెనక నుంచి వస్తే ద్రవ్యవేగం, మార్పు, రేటు. అంటే ద్రవ్యవేగంలో మార్పు రేటు, అచ్చం మనం తెలుగులో చెప్పే వరుస. ఆఫ్ లేకుండా పదాలు ఒకదాని వెనక ఒకటి పేర్చి ఉంటే, ఆక్సిజన్ హీమోగ్లోబిన్ డిసోసియేషన్ కర్వ్ లాగా, ముందు నుంచే చదవాలి. ఆ వరుసా తెలుగు వరుసే.

ఇంకో మెలిక ఉంది. బ్లడ్ ఎంటరింగ్ ద లెఫ్ట్ ఏట్రియమ్ ఈజ్ ఆక్సిజనేటెడ్ అన్న వాక్యంలో పిల్లలు ఎంటరింగ్ దగ్గరే క్రియ దొరికిందనుకుని ఆగిపోతారు, తర్వాత వచ్చే ఈజ్ ఎందుకుందో తెలియక తడబడతారు. అసలు క్రియ ఆ ఈజే. ఎంటరింగ్ అంటే ‘ప్రవేశించే’. ఎడమ కర్ణికలోకి ప్రవేశించే రక్తం, ఆక్సిజన్‌తో కూడి ఉంటుంది. నామవాచకం తర్వాత ఇంగ్ (ing) ఉన్న మాట వస్తే తెలుగులో ‘చేసే’, ఈడీ (ed) ఉన్న మాట వస్తే చాలాచోట్ల ‘చేసిన’ అయి నామవాచకానికి ముందుకు వస్తుంది. ముందు అసలు క్రియ కింద గీత, తర్వాత ఎవరు లేదా ఏది అన్నదాని చుట్టూ గీత, మిగిలిందంతా వాటికి తోక. ఇలా రోజుకు ఆరు వాక్యాలు, 20 నిమిషాలు చాలు. ఆ రోజు క్లాసులో విన్న పాఠం నుంచే తీసుకోవాలి, విషయం ముందే తెలిసుంటే వాక్యం లొంగుతుంది. కొత్త పాఠంతో మొదలుపెడితే రెండు కష్టాలూ ఒకేసారి మీద పడతాయి, నాలుగో రోజుకు నోట్‌బుక్ మూలకు చేరుతుంది.

పుస్తకాలకు ఖర్చు పెట్టకండి. సర్కారు బడి పుస్తకాల్లో ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు ఉంటున్నాయి. మీ వాడలో తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర సైన్సు పుస్తకం అడిగి తెచ్చి, ఇంటర్‌లో మళ్లీ వచ్చే పాఠాలు రెండు పేజీలూ కలిపి చదవమనండి. ఇంటర్ స్థాయికి తెలుగు అకాడమీ పుస్తకాలు రెండు భాషల్లోనూ ఉన్నాయి, తెలుగుది పాతది దొరికితే చాలు.

కాస్త కటువుగా చెప్తాను, ఏమీ అనుకోకండి. బిడ్డ ఏడుస్తోందని రాసి, వెంటనే సీఈసీకి మార్చాలా అన్నారు. ఆమె ఏ పుస్తకం, ఏ పేజీ దగ్గర ఏడుస్తోందో ఒక్కసారైనా అడిగారా? ఫీజు కట్టడం తేలిక, పక్కన కూర్చోవడమే కష్టం. మాకు ఇంగ్లిష్ రాదు సర్ అనకండి, ఈ పనికి అది అక్కర్లేదు. రాత్రి ఫోన్ చేసినప్పుడు మార్కులు అడగడం మాని, ఒక ప్రశ్న తీసుకుని ‘ఇందులో ఏమిచ్చిండ్రు, ఏమడిగిండ్రు బిడ్డా’ అని అడగండి. తెలుగులో చెప్పగలిగితే ఆ ఇంగ్లిష్ అర్థమైనట్టే. చెప్పలేకపోతే ఆ వాక్యం మర్నాడు లెక్చరర్ దగ్గరకు పోవాలి. కాన్వెంటుకు పంపలేదన్న మాట మాత్రం ఆమె ముందు ఎత్తొద్దు. కాన్వెంటులో చదివిన పిల్లలూ ఈ టు, బైల దగ్గరే జారుతారు, బయటికి చెప్పరంతే.

నీట్ తెలుగులో రాయడం తప్పేం కాదు. బుక్‌లెట్‌లో రెండు భాషలూ ఉంటాయి, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ పాఠమే చెల్లుతుంది. కాకపోతే ఇంటర్ ఇంగ్లిష్‌లో చదివిన పిల్లకు పృథక్కరణ సామర్థ్యం అన్న మాట రిజాల్వింగ్ పవర్ కన్నా కొత్తగా ఉంటుంది. 180 ప్రశ్నలకు 180 నిమిషాలు, రెండు భాషలూ చదువుతూ కూర్చుంటే టైం సరిపోదు. నేనైతే ఇంగ్లిష్ వైపే మొగ్గుతాను. ఆ నిర్ణయం దరఖాస్తు నింపేనాటికి చాలు, దానికి సెకండియర్ దాకా వ్యవధి ఉంది.

సీఈసీ మాట సంక్రాంతి దాకా ఇంట్లో వద్దు. అప్పుడు ఇంకో 20 ప్రశ్నలతో అదే పరీక్ష మళ్లీ పెట్టండి. రెండు భాషల్లోనూ తప్పయినవే ఎక్కువుంటే ఆ జవాబు కాగితాలతో సహా రాయండి, గ్రూపు సంగతి అప్పుడు మాట్లాడదాం.