పెద్ద నంబర్ కాదు, రన్నర్ల మధ్య తేడా చూడండి

ప్రశ్న: సార్, నాది నాలుగు సిలిండర్ల టర్బో ఇంజన్, ట్యూనింగ్ అయిపోయింది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే భాగం) మారుద్దామని రెండు ఆఫ్టర్‌మార్కెట్ మానిఫోల్డ్‌ల ఫ్లో బెంచ్ రిపోర్టులు (ఎంత గాలి పోతుందో మెషీన్ మీద కొలిచినవి) తెప్పించాను. మొదటిదాంట్లో రన్నర్లు (ఒక్కో సిలిండర్‌కి గాలి తీసుకెళ్ళే గొట్టాలు) వరుసగా 250, 248, 251, 249 సీఎఫ్ఎం (నిమిషానికి ఇన్ని ఘనపు అడుగుల గాలి), రెండోదాంట్లో 270, 262, 255, 240. ఫ్రెండ్స్ అందరూ రెండోదే కొనమంటున్నారు. మీరేమంటారు?

జవాబు: రెండు రిపోర్టులూ ఒకే పద్ధతిలో తీసినవైతే మొదటిదే తీసుకోండి. సగటులో రెండోది ముందున్న మాట నిజమే, కానీ ఆ ఆధిక్యం 3 శాతం లోపే. దాని రన్నర్ల మధ్య తేడా మాత్రం 30 సీఎఫ్ఎం, అంటే సగటులో 12 శాతం దాకా. మొదటిదాంట్లో ఆ తేడా 1 శాతం చిల్లర.

మామూలు సెటప్‌లో ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) నాలుగు సిలిండర్లకీ ఒకే కొలతలో పెట్రోల్ ఇస్తుంది, ఎగ్జాస్ట్ పైపులన్నీ కలిసిన తర్వాత ఉన్న వైడ్‌బ్యాండ్ సెన్సర్ (గాలి, పెట్రోల్ పాళ్ళు కొలిచేది) సగటు మాత్రమే చూపిస్తుంది. మీ ట్యూనర్‌కి స్క్రీన్ మీద లాంబ్డా (ఆ పాళ్ళని చెప్పే అంకె, ఎంత పెరిగితే పెట్రోల్‌తో పోలిస్తే గాలి అంత ఎక్కువ) 0.80 కనబడుతుంది, అంతా బాగుందనుకుంటాడు. బెంచ్ మీది తేడాయే ఇంజన్లోనూ ఉంటే లోపల ఒక సిలిండర్ 0.84 దగ్గర, ఇంకోటి 0.75 దగ్గర నడుస్తుంటాయి. గాలి ఎక్కువ అందిన సిలిండర్ లీన్ అయి (గాలికి తగ్గ పెట్రోల్ అందక), వేడెక్కి, అన్నిటికంటే ముందు నాకింగ్‌కి (లోపలి మిశ్రమం దానంతటదే పేలడానికి) వస్తుంది. దాన్ని కాపాడటానికి మొత్తం ఇంజన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనక్కి లాగాలి, అంటే ఆ ఒక్క సిలిండర్ కోసం మిగతా మూడూ పవర్ వదులుకున్నట్టే. సగటులో వచ్చిన ఆ కాస్త లాభం అక్కడే పోతుంది. లాగకపోతే పిస్టన్ రింగుల మధ్య గట్టు విరుగుతుంది, ఇక ఇంజన్ విప్పాల్సిందే.

అసలు తేడా ఎందుకొస్తుందంటే, థ్రాటిల్ బాడీ (గాలి లోపలికొచ్చే ద్వారం) ప్లీనంకి (రన్నర్లన్నీ మొదలయ్యే గాలి పెట్టెకి) ఒక చివర ఉన్న చాలా డిజైన్లలో గాలి మంచి వేగంతో లోపలికి వచ్చి, దగ్గరున్న రన్నర్ వైపు అంత తేలిగ్గా మలుపు తిరగలేదు, నేరుగా అవతలి గోడ దాకా పోతుంది. అక్కడ వేగం తగ్గి ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి చివరి రన్నర్‌కి ఎక్కువ అందుతుంది. అందుకే మంచి తయారీదారులు ప్లీనంని చివరికి పోనుపోను సన్నగా చేస్తారు, రన్నర్ నోరు గుండ్రంగా విచ్చుకున్నట్టు ఉంచుతారు. కొనేముందు ఆ నోట్లో వేలుపెట్టి చూడండి. అంచు పదునుగా తగిలినా, వెల్డింగ్ పూస లోపలికి పొడుచుకొచ్చినా దాన్ని వదిలేయండి, బయట ఎంత మెరుస్తున్నా సరే.

ప్రశ్న: ఒక కంపెనీ తమ మానిఫోల్డ్ రన్నర్‌కి 150 సీఎఫ్ఎం అంటోంది, ఇంకో కంపెనీ 250 అంటోంది. ఇంత తేడా ఉంటుందా?

జవాబు: ఏ ప్రెషర్ దగ్గర కొలిచారో ముందు అడగండి. 10 అంగుళాల నీటి ప్రెషర్ దగ్గర వచ్చిన 150, చాలామంది వాడే 28 అంగుళాల దగ్గర 251 అవుతుంది, ఎందుకంటే గాలి ప్రవాహం ప్రెషర్ నిష్పత్తి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. అంటే మీరు చెప్పిన రెండూ ఒకటే కావచ్చు! ప్రెషర్ రాయని రిపోర్టు ఎందుకూ పనికిరాదు.

ఇంకోటి, ఒక్కో రన్నర్‌ని విడిగా, మిగతావి మూసేసి కొలిచారా అన్నది కూడా అడగాలి. అలా కొలిస్తే ప్లీనంలో గాలి వేగం చాలా తక్కువగా ఉంటుంది, పైన చెప్పిన చివరి రన్నర్ సమస్య బయటపడకుండా అన్నీ సమానంగా కనిపిస్తాయి. అన్ని రన్నర్లూ తెరిచి, థ్రాటిల్ బాడీ, వీలైతే సిలిండర్ హెడ్ కూడా బిగించి కొలిచిన అంకెలనే నేను నమ్ముతాను. అయినా బెంచ్ మీద గాలి ఒకే ధారగా పోతుంది, ఇంజన్లో వాల్వులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి కాబట్టి ఆఖరి మాట ఇంజన్‌దే. ఒక్కో సిలిండర్ ఎగ్జాస్ట్‌లో టెంపరేచర్ సెన్సర్, కుదిరితే లాంబ్డా సెన్సర్ పెట్టి చూడండి.

ప్రశ్న: కొత్త మానిఫోల్డ్ వేశాక మూడో సిలిండర్ ప్లగ్ ఒక్కటే తెల్లగా వస్తోంది. టెన్షన్‌గా ఉంది, వెనక్కి ఇచ్చేయనా?

జవాబు: ప్లగ్ తెల్లగా ఉందంటే ఆ సిలిండర్ లీన్‌గా, వేడిగా నడుస్తోందేమోనని అనుమానం. ముందు బండిని ఫుల్ బూస్ట్‌లో (టర్బో పూర్తి ప్రెషర్‌తో) నడపడం ఆపండి. మూడో ఇంజెక్టర్ (పెట్రోల్ చిమ్మేది) తీసి ఒకటో దాంట్లో పెట్టండి, ఒకటోది మూడులో. కొత్త ప్లగ్గులు వేసి, తక్కువ బూస్ట్‌లోనే కాసేపు నడిపి చూడండి. తెలుపు ఒకటో సిలిండర్‌కి మారితే తప్పు ఇంజెక్టర్‌ది, మానిఫోల్డ్‌ది కాదు. మూడులోనే ఉండిపోతే స్మోక్ టెస్ట్ (లోపలికి పొగ పంపి లీకు వెతకడం) చేయించి, గ్యాస్కెట్ దగ్గర గాలి లీకవుతోందేమో చూడండి. ఆ రెండూ బాగున్నాయని తేలాకే మానిఫోల్డ్‌ని అనుమానించాలి. ఈసీయూలో సిలిండర్‌వారీ ట్రిమ్ (ఒక్కో సిలిండర్‌కి పెట్రోల్ విడిగా సర్దే సౌకర్యం) ఉంటే మూడోదానికి కాస్త పెట్రోల్ పెంచుకోవచ్చు, అది చిన్న తేడాలకి పర్వాలేదు, కానీ ట్రిమ్ సరిచేసేది పెట్రోల్‌నే, గాలిని కాదు. తేడా పెద్దదైతే మానిఫోల్డ్ వెనక్కి ఇచ్చేయండి.