రెండో శనివారం బిల్లు: మానుకోవాల్సింది స్నేహితులనా, మొహమాటాన్నా?

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. కాకినాడలో ఉంటాం. ప్రైవేటు కంపెనీలో పనిచేసి రిటైరయ్యాను. ఈపీఎస్ (ఉద్యోగుల పింఛను పథకం) పింఛను నెలకు రూ.4,100 వస్తుంది. సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో 20 లక్షలు, పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో 9 లక్షలు ఉన్నాయి. సొంతిల్లు. ఇంటి ఖర్చులు, మాత్రలు, కరెంటు, గ్యాస్ అన్నీ కలిపి 18,500 అవుతాయి. ఆరోగ్య బీమా ప్రీమియం కోసం నెలకు 2,000 పక్కన పెడతాం. పీఆర్ కాలేజీలో కలిసి డిగ్రీ చదివిన ఆరుగురం ప్రతి నెలా రెండో శనివారం రాత్రి ఊళ్లోనే ఒక బార్ అండ్ రెస్టారెంట్‌లో కలుస్తాం. బిల్లు ఆరు వాటాలు వేసుకుంటాం. నేను శాకాహారిని, మందు అలవాటు లేదు. అయినా ప్రతిసారీ పదిహేను వందలు అవుతోంది. ఈమధ్య నా క్రెడిట్ కార్డు మీద కట్టేసి తర్వాత వసూలు చేసుకుంటున్నాను. ఇద్దరి దగ్గర రూ.4,300 ఆగిపోయింది, అడగలేకపోతున్నాను. పోయిన నెల కార్డుకు మినిమమ్ డ్యూ (కట్టాల్సిన కనీస మొత్తం) మాత్రమే కట్టాను. బిల్లు ఫొటో, కార్డు స్టేట్‌మెంట్ పంపుతున్నాను. మా ఆరుగురిలో ఒకరు ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా, ఇంకొకరు బ్యాంకు మేనేజర్‌గా రిటైరయ్యారు. డాలస్‌లో ఉండే స్నేహితుడు సంక్రాంతికి వచ్చి పెద్ద హోటల్లో పార్టీ ఇస్తాడు, తిరిగి అంత పార్టీ ఇవ్వాలేమోనని టెన్షన్‌గా ఉంది. మా ఆవిడ వెళ్లడం మానేయమంటోంది. మానేయమంటారా?

జవాబు: మానేయకండి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ ఉత్తరంలో చివరి రెండు వాక్యాలు చదవగానే నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన రిటైరయ్యాక రోజూ సాయంత్రం నలుగురు స్నేహితులతో కలిసి మా వీధి చివరి హోటల్లో కాఫీ తాగేవారు. డబ్బులు వంతులవారీగా ఇచ్చుకునేవారు. మా చెల్లి పెళ్లి అప్పు ఇంకా తీరని రోజులవి. తన వంతు వచ్చినప్పుడల్లా ఇబ్బందిపడి, చివరికి మోకాలి నొప్పి అని చెప్పి వెళ్లడం మానేశారు. వాళ్లు కొన్నాళ్లు ఇంటికొచ్చి పిలిచారు, తర్వాత రావడం తగ్గించారు. ఆరింటికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చోవడం మాత్రం ఆయన మానలేదు. ఆ కాఫీలకు ఎంతయ్యేదో చాలా ఏళ్ల తర్వాత లెక్క వేశాను. నెలకు రెండు మూడు వందలు. నాకు చెప్పి ఉంటే ఇచ్చేవాణ్ని. ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక మీ బిల్లు సంగతి. ఫొటో పంపారు కాబట్టి సులువైంది. తిండి రూ.5,000. దాని మీద 5 శాతం సర్వీస్ ఛార్జి 250. ఆ రెండూ కలిపి 5,250 మీద 5 శాతం జీఎస్టీ 262.50. మందు పన్నుతో సహా 3,400. మొత్తం 8,912.50, ఆరుగురికి పంచితే తలా 1,485. మీరు తిన్నది టమాటా సూప్ 110, వెజ్ బిర్యానీ 240, లెమన్ సోడా 70. జీఎస్టీతో కలిపి రూ.441. అంటే మీరు తినని రొయ్యల వేపుడుకీ, తాగని బీరుకీ నెలకు 1,044 కడుతున్నారు. ఏడాదికి పన్నెండున్నర వేలు. సీనియర్ సిటిజన్ పథకంలో 8.2 శాతం వడ్డీ మీద లక్షన్నర వేస్తే ఏడాదికి వచ్చేది రూ.12,300. ఇన్నేళ్లు కూడబెట్టిన సొమ్ములో లక్షన్నర అచ్చంగా ఈ మొహమాటానికే పనిచేస్తోందన్నమాట.

మీరు ఉత్తరంలో నేరుగా రాయనిది ఒకటుంది. అది నాకు ఈ బిల్లు కంటే ముఖ్యంగా కనిపిస్తోంది. మీ ఆరుగురిలో ఒకరు ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా, ఇంకొకరు బ్యాంకు మేనేజర్‌గా రిటైరయ్యారన్నారు. పాత పింఛనులో ఉన్న ఆ మాస్టారికి కరువు భృతి పెరిగినప్పుడల్లా పింఛను పెరుగుతుంది. మీ ఈపీఎస్ పింఛనుకు కరువు భృతి లేదు. ఇప్పుడు 4,100 అయితే, పథకం నిబంధనలు మారితే తప్ప డెబ్భై ఏళ్లప్పుడూ 4,100. సీనియర్ సిటిజన్ పథకం నుంచి మూడు నెలలకోసారి వచ్చే 41,000, నెలసరి పథకం నుంచి వచ్చే 5,550 కూడా ఐదేళ్ల గడువు తీరేదాకా కదలవు. మొత్తం కలిపి నెలకు సుమారు 23,300. హోటల్ రేట్లు మాత్రం ఆగవు. ఏడాదికి 6 శాతం పెరిగినా మీ 1,485 ఐదేళ్లలో రెండు వేలకు చేరుతుంది. ఒకే బెంచీ మీద కూర్చున్న వాళ్లయినా ఇప్పుడు మీ జేబులు ఒకటి కాదు. ఇందులో మీ తప్పేమీ లేదు, సిగ్గుపడాల్సింది అసలే లేదు. ఉద్యోగాలు వేరు, పింఛను చట్టాలు వేరు.

ఇంటి ఖర్చులు, బీమా పోగా మీకు నెలకు మిగిలేది 2,800. దానిలో సగానికి పైగా ఒక్క రాత్రికి, ఆటో ఛార్జీలతో కలిపి, అయిపోతోంది. మీ ఆవిడగారి కోపంలో న్యాయం ఉంది. ఆమె వద్దంటున్నది మీ స్నేహితుల్ని కాదనే నా నమ్మకం.

నేను చెప్పేది ఇది. ఎవరు తిన్నది వాళ్లు పైసలతో సహా లెక్క వేసుకోవద్దు. సూప్ ఎవరిది, రోటీలు ఎన్ని అని వేళ్ల మీద లెక్కపెట్టుకునే బల్ల దగ్గర కబుర్లు సాగవు. తిండి బిల్లు, మందు బిల్లు వేరు చేయించండి, చాలు. ఇది హోటల్‌వాళ్లకు కొత్తేమీ కాదు. మద్యం జీఎస్టీ కిందికి రాదు, దాని మీద రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. అందుకని చాలా చోట్ల బార్ బిల్లు ఎలాగూ వేరుగానే తీస్తారు. తిండి మాత్రం ఆరుగురూ సమానంగా వేసుకోండి. సర్వీస్ ఛార్జి తీసేస్తే జీఎస్టీతో కలిపి 5,250, తలా 875. మందు ఖర్చు తాగినవాళ్లు పంచుకుంటారు. మీ 441కీ 875కీ మధ్య తేడా ఉంటుంది, దాన్ని ఉండనివ్వండి. అందరూ కలిసి కూర్చుని తిన్నందుకు ఆ మాత్రం పెట్టొచ్చు.

ఈ మాట బిల్లు వచ్చాక చెప్పకండి. అప్పటికి అందరూ లేచి చెప్పులు వెతుక్కుంటుంటారు, ఎవరికీ వినే ఓపిక ఉండదు. శుక్రవారం సాయంత్రమే మీకు బాగా దగ్గరైన ఒక్కరికి ఫోన్ చేయండి. "ఒరేయ్, నా పింఛను సంగతి నీకు తెలుసు కదా. ఈసారి నుంచి మందు బిల్లు విడిగా తీయిద్దాంరా. తిండి అందరం సమానంగానే వేసుకుందాం" అనండి. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఆయన చేతే చెప్పించండి. నలభై ఏళ్ల స్నేహితుడికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు. ఆ గుంపులో ఇదే మాట అనలేక కూర్చున్నవాళ్లు ఇంకొకరు ఉన్నా నేను ఆశ్చర్యపోను. డబ్బు బాకీ ఉన్న ఇద్దరిలో ఒకరు కావచ్చేమో ఆలోచించండి.

నెల విడిచి నెల రాత్రి బదులు మధ్యాహ్నం కలవండి. కాకినాడలో ఉండి సుబ్బయ్యగారి హోటల్ భోజనం మీకు నేను చెప్పాలా? ఆకు వేసి, అడిగి అడిగి వడ్డించే చోట మందు ప్రస్తావనే రాదు, ఖర్చు ఇప్పుడయ్యేదాంట్లో మూడో వంతు కూడా కాదు. రాత్రి భోజనానికి ఆటోతో వెయ్యి, మధ్యాహ్నం భోజనానికి ఐదు వందలు అనుకున్నా ఏడాదికి తొమ్మిది వేలు. ఇప్పుడు ఆటోలతో కలిపి దాదాపు ఇరవై వేలు అవుతోంది.

క్రెడిట్ కార్డు విషయంలో మాత్రం గట్టిగా చెప్పక తప్పదు. పాయింట్లు వస్తాయని మీరే మొత్తం బిల్లు కడుతున్నారు, స్నేహితుల డబ్బు చేతికి రాక, గత నెల మినిమమ్ డ్యూ మాత్రమే కట్టానని రాశారు. మీ స్టేట్‌మెంట్‌లో వడ్డీ నెలకు 3.5 శాతం. 8,913 మీద అది 312, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 56, మొత్తం 368. మీరు కట్టిన మినిమమ్ సుమారు 450. అంటే అసలులో తగ్గింది ఎనభై రూపాయలే. పైగా బాకీ పూర్తిగా తీరేదాకా ఆ కార్డు మీద కొత్తగా ఏం కొన్నా వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఏడాదికి 42 శాతం వడ్డీకి అప్పు తెచ్చి స్నేహితులకు వడ్డీ లేని చేబదులు ఇస్తున్నారు. సీనియర్ సిటిజన్ పథకం మీకిచ్చేది 8.2 శాతం. సేవింగ్స్ ఖాతాలో ఉన్న డబ్బు తీసి ఈ వారమే కార్డు బాకీ మొత్తం కట్టేయండి. ఇకమీదట బల్ల దగ్గరే ఎవరి వాటా వాళ్లు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కట్టాలి. ఒకరే కట్టాల్సి వస్తే ఆ ఒకరు మీరు కాకూడదు.

ఆగిపోయిన 4,300 గురించి గ్రూపులో మెసేజ్ పెట్టకండి, నలుగురిలో మాట పడుతుంది. ఇద్దరికీ విడివిడిగా, తేదీ, మొత్తం రాసి పంపండి: "ఫలానా శనివారంది నీ వాటా 1,485 రావాలిరా, కార్డు బిల్లు కట్టాలి." మర్చిపోయినవాళ్లయితే ఆ రోజే వేస్తారు. ఎవరైనా ఇబ్బందిలో ఉన్నానంటే ఆ డబ్బు వదిలేయండి, ఇక ఆ ఊసెత్తకండి, ఆయన్ని మధ్యాహ్నం భోజనానికి మాత్రం తప్పకుండా పిలవండి.

సర్వీస్ ఛార్జి ఎందుకు తీసేశానంటే, అది కట్టి తీరాలన్న నియమం లేదు. అడక్కుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మేనేజర్‌ని మర్యాదగా అడగండి, తీసేస్తారు. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. వడ్డించిన కుర్రాడి చేతికి తలా ఇరవై ఇవ్వండి, ఆ డబ్బు నేరుగా అతనికే అందుతుంది. ఇంకో చిన్న విషయం: బిల్లు మీద కాంపొజిషన్ డీలర్ (అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను తానే కట్టుకునే చిన్న వ్యాపారి) అని ఉంటే ఆ హోటల్ మీ దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు.

డాలస్‌లో ఉండే స్నేహితుడు సంక్రాంతికి వచ్చి పెద్ద హోటల్లో పార్టీ ఇస్తాడని, తిరిగి అంత పార్టీ ఇవ్వాలేమోనని టెన్షన్ పడుతున్నారు. అక్కర్లేదు. గది అద్దె 7,500 దాటే హోటళ్లలో భోజనం మీద జీఎస్టీ 18 శాతం. ఆ ఖర్చు ఆయన సరదా, ఆయన్ని పెట్టుకోనివ్వండి. మీరు ఇంటికి పిలిచి పులిహోర, పనసపొట్టు కూర పెట్టండి, వెళ్లేటప్పుడు కోటయ్య కాజా డబ్బా చేతిలో పెట్టండి. అమెరికా నుంచి వచ్చినవాడికి కావాల్సింది అవే కదా.

సీనియర్ సిటిజన్ పథకం వడ్డీ ఏప్రిల్, జులై, అక్టోబర్, జనవరి నెలల మొదటి పనిదినాన పడుతుంది. పడిన రోజే 2,250 తీసి ఫోన్‌లో యూపీఐ లైట్‌లో (పిన్ కొట్టకుండా చిన్న మొత్తాలు కట్టే ఫోన్ పర్సు) వేసుకోండి. అందులో 5,000 దాకా ఉంచుకోవచ్చు, ఒక్కసారికి 1,000 దాకా కట్టొచ్చు. మీ వాటా 875 కాబట్టి సరిపోతుంది. మూడు నెలల కలయికలకు ఆ డబ్బే. ఎంత వేశారో, ఎంత మిగిలిందో మీ ఆవిడగారికి ఫోన్ చూపించండి. ముందు మాత్రం ఈ శుక్రవారం ఆ ఫోన్ చేయండి.