40 రోజుల ఉపవాసం ఉండగలిగాను, ఇంట్లో ఆ ఒక్క మాట చెప్పలేకపోతున్నాను

ప్రశ్న: వందనాలు మేడమ్. నాకు 43 ఏళ్లు. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. మా చర్చి సంఘంలో పెద్దని, కోశాధికారిని కూడా. మూడేళ్ల కిందట ఒక ఫ్రెండ్ చూపిస్తే ఫోన్‌లో ఆప్షన్స్ ట్రేడింగ్ (షేర్ల ధర పెరుగుతుందా తగ్గుతుందా అని డబ్బు పెట్టడం) మొదలుపెట్టాను. మొదట్లో లాభం వచ్చింది. తర్వాత పోయింది రాబట్టుకోవాలని ఇంకొంత పెట్టడం, అదీ పోవడం. ఇప్పుడు అప్పు 17 లక్షలు. మా ఆవిడ నగలు 12 కాసులు తాకట్టులో ఉన్నాయి. అవి బ్యాంకు లాకర్‌లో ఉన్నాయనే ఆమె అనుకుంటోంది. వచ్చే నెల మా మరదలి పెళ్లి. లాకర్‌లోంచి నగలు తెమ్మని రోజూ అడుగుతోంది. ఈస్టర్ ముందు వచ్చే శ్రమదినాల్లో 40 రోజులు ఉపవాసం ఉన్నాను, స్వస్థత కూటాలకు వెళ్లాను, అప్పు చేసి మరీ మొక్కుబడి చెల్లించాను. మార్కెట్ తెరిచే ముందు ప్రార్థన చేసుకునే కూర్చుంటాను. సంఘం డబ్బు ఇప్పటివరకు ముట్టుకోలేదు. అయినా దేవుడు నన్ను మార్చడం లేదు. ఒక్కోరోజు బతకడం ఎందుకు అనిపిస్తోంది. నా విశ్వాసం చాలడం లేదా? పెళ్లి అయ్యాక ఆమెకు చెప్పొచ్చా? (పేరు వద్దు)

జవాబు: ఒక్కోరోజు బతకడం ఎందుకు అనిపిస్తోందని రాసి, వెంటనే వేరే విషయానికి వెళ్లిపోయారు. నేను అలా వెళ్లలేను. మిగతాదంతా పక్కన పెట్టి ముందు దీని సంగతి చూద్దాం. 14416కి ఈ రోజే ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలి మానస్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఒక్క రూపాయి తీసుకోరు. ఇలాంటి ఆలోచన రావడమే అవిశ్వాసమని ఎవరైనా అంటే వినకండి. అప్పు, నిద్రలేమి, దాచిపెట్టడం ఈ మూడూ కలిస్తే ఎంత గట్టివాడికైనా వస్తుంది. వైద్యం అందితే తగ్గుతుంది కూడా. ఫోన్ చేయడానికి మొహమాటమైతే, మీకు నమ్మకమున్న ఒక్క మనిషికి ఈ రాత్రి ఆ ముక్క చెప్పండి. అప్పు సంగతి తర్వాత చెప్పినా పరవాలేదు, బతకాలని లేదన్న సంగతి మాత్రం దాచకండి. ఆలోచన మరీ ఎక్కువైన పూట అసలు ఒంటరిగా ఉండొద్దు. పక్కన మనిషిని పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

ఇక విశ్వాసం చాలడం లేదా అన్న ప్రశ్న. మిల్లులో రోజంతా లెక్కలు చూస్తూ 40 రోజులు ఉపవాసం ఉన్న మనిషికి విశ్వాసం లేదని నేనెలా అంటాను? నాకు అనుమానం వచ్చింది వేరే చోట. ఆ 40 రోజులూ మీరు దేవుణ్ణి ఏమడిగారు? పోయిన డబ్బు తిరిగి రావాలని. నగలు పెళ్లిలోపు ఇంటికి చేరాలని. ఆవిడకి తెలియకూడదని. సంఘంలో పరువు నిలవాలని. మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఉత్తరమంతా ఈ కోరికలే ఉన్నాయి. మార్పు కోసం ప్రార్థిస్తున్నానని మీరనుకుంటున్నారు, కానీ బయటపడకుండా ఉండటం కోసం ప్రార్థిస్తున్నారు. ఆ ప్రార్థనకు జవాబు రాలేదంటే, బహుశా దేవుడు మీ మేలు కోరే ఊరుకున్నాడేమో.

మార్కెట్ 9.15కి తెరుస్తారు. దానికి ముందు కళ్లు మూసుకుని ఏమంటారో ఊహించగలను. ఈ ఒక్కటి గట్టెక్కించు ప్రభువా, దశమభాగం ఇచ్చుకుంటాను, ఇక జన్మలో ముట్టను. దేవాలయ శిఖరం మీంచి దూకు, దేవదూతలు పట్టుకుంటారులే అని సాతాను ప్రలోభపెట్టినప్పుడు, దేవుణ్ణి శోధించకూడదని యేసు జవాబిచ్చాడు. మత్తయి నాలుగో అధ్యాయం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. మీరు రోజూ పొద్దున్నే ఆ శిఖరం ఎక్కుతున్నారు. పైగా కింద ఏముందో లెక్కలు తెలిసిన మనిషి మీరు. మీరు చేసే ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ ట్రేడింగ్ మీద, షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం విడుదల చేసింది. 2021-22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో కోటి మందికి పైగా మామూలు జనం ఇందులో దిగితే, 100కి 93 మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్లు దాటింది. వరసగా రెండేళ్లు పోగొట్టుకున్నవాళ్లలో కూడా నాలుగింట మూడొంతుల మంది మానలేదు. మీరొక్కరే చెడిపోలేదని చెప్పడానికే ఇదంతా. పోయింది రాబట్టుకోవాలన్న తపన ఎంత తెలివైనవాణ్ణయినా కూర్చోబెట్టేస్తుంది.

రాజుల రెండో గ్రంథం ఐదో అధ్యాయంలో నయమాను కథ ఉంది. మీరు ఆదివారం బడి పిల్లలకు చెప్పే ఉంటారు. ఈసారి మీ కోసం చదువుకోండి. సిరియా రాజు దగ్గర సైన్యాధిపతి. యుద్ధాల్లో గెలిచినవాడు, రాజు దగ్గర గొప్ప పేరున్నవాడు, కానీ కుష్ఠరోగి. బోలెడంత వెండి, బంగారం, పది జతల బట్టలు వేసుకుని, రథాలతో ఇశ్రాయేలు ప్రవక్త ఎలీషా ఇంటి ముందు దిగాడు. ఎలీషా కనీసం బయటికి రాలేదు. యొర్దాను నదిలో ఏడుసార్లు మునగమని మనిషితో కబురు పంపాడు, అంతే. నయమానుకి ఒళ్లు మండిపోయింది. ఆయనే స్వయంగా వచ్చి, నిలబడి దేవుని పేరు ఎత్తి, రోగమున్న చోట చెయ్యి ఆడిస్తాడనుకున్నాడు. మా దమస్కులో అబానా, ఫర్పరు నదుల్లేవా, వాటికన్నా ఈ నీళ్లు గొప్పవా అని రథం వెనక్కి తిప్పాడు. అప్పుడు పక్కనున్న పనివాళ్లు ఒక మాటన్నారు: ప్రవక్త ఏదైనా కష్టమైన పని చెప్పి ఉంటే చేసేవారు కదా, మునిగితే చాలన్నాడు, దానికేం?

నా దృష్టిలో ఆ అధ్యాయానికి అదే ప్రాణం. ఆయనకు కష్టమైన పని కావాలి. పెద్ద మొక్కు, పెద్ద ఖర్చు, నలుగురూ చూసే ఘనకార్యం ఏదైనా చేసేవాడే. ఆయన వల్ల కానిది, తన సైన్యమంతా చూస్తుండగా కవచం విప్పి, ఆ చర్మంతో నీళ్లలోకి దిగడం. మీకు 40 రోజుల ఉపవాసం యొర్దాను కాదు, మీకది అబానా, ఫర్పరు. మీరు దిగాల్సింది పడగ్గదిలో మంచం మీద తాకట్టు రసీదులు పరిచి, ఆవిడ ఎదురుగా కూర్చోవడంలోకి.

ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది నయమాను ఏడుసార్లు మునిగి స్వస్థపడటంతో ఆపేస్తారు. అధ్యాయం అక్కడ అయిపోలేదు. ఎలీషా కానుకలు ఒక్కటీ ముట్టలేదు. ఆయన దగ్గర పనిచేసే గేహజీ మాత్రం వెనకాలే పరుగెత్తి, అబద్ధమాడి, వెండి, రెండు జతల బట్టలు తెచ్చి ఇంట్లో దాచాడు. ఎక్కడికెళ్లావని అడిగితే ఎక్కడికీ వెళ్లలేదన్నాడు. నయమానుని వదిలిన రోగం అతనికి పట్టుకుంది. పరాయి దేశపు సైన్యాధిపతి తగ్గించుకుని బాగుపడ్డాడు, ప్రవక్త ఇంట్లోనే తిరిగేవాడు దాచుకుని చెడ్డాడు. సంఘ పెద్దలకు ఈ రెండో సగం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది మరి.

సరే, ఆవిడకి ఎలా చెప్పాలి. పెళ్లి అయ్యాక చెప్పొచ్చా అంటే, వద్దు. ఈ ఆదివారం లోపే చెప్పండి. లాకర్ తాళం దొరకలేదనో, బ్యాంకు సెలవనో ఇప్పటికే ఏదో చెప్పి ఉంటారు. పెళ్లి దగ్గరపడే కొద్దీ ఇంకో నాలుగు అబద్ధాలు కావాలి. రోల్డ్ గోల్డ్ సెట్ తెచ్చి సర్దేద్దామన్న ఆలోచన కూడా వచ్చే ఉంటుంది. సొంత చెల్లెలి పెళ్లికి ఏం వేసుకోవాలో, పుట్టింటివాళ్లకు ఏం చెప్పుకోవాలో ఆవిడ నిర్ణయించుకోవాలి. దానికి ఆవిడకి కొన్ని రోజుల టైమ్ కావాలి. ఇంకో సంగతి, వడ్డీ కట్టకపోతే వేలం వేసే ముందు నోటీసు పంపుతారు, అది ఇంటి అడ్రసుకే వస్తుంది. పోస్ట్‌మ్యాన్ చేతిలోంచి తెలియడం కన్నా మీ నోటితో వినడం ఆవిడకి ఎంతో కొంత నయం.

పిల్లలు ఇంట్లో లేని పూట చూసుకోండి. మీ అమ్మగారి ముందు, అత్తగారి ముందు వద్దు. కాగితాలన్నీ తీసుకుని కూర్చోండి: తాకట్టు రసీదులు, పర్సనల్ లోన్ వివరాలు, లోన్ యాప్‌లు ఉంటే అవి, చేబదుళ్లు ఎవరి దగ్గర ఎంతెంత, ట్రేడింగ్ ఖాతా స్టేట్‌మెంట్. 17 లక్షలని నాకు రాశారు. నిజంగా 17 లక్షలేనా? ఈ బాధలో ఉన్నవాళ్లు చాలామంది మొదటిసారి సగం చెప్పి, ఆవిడ తట్టుకుంటే మిగతాది చెబుదామనుకుంటారు. ఆరు నెలల తర్వాత రెండో సగం తెలిసినప్పుడు విరిగేది ఇక అతకదు. ఊళ్లో మిల్లు లెక్క పైసాతో సహా రాసే మనిషి సొంతింటి లెక్క ఒక కాగితం మీద రాయలేడా?

తర్వాత ఆవిడ అరుస్తుంది, లేదా మాట్లాడటం మానేస్తుంది, లేదా పుట్టింటికి వెళ్తానంటుంది. వెళ్లనివ్వండి. ఆ సమయంలో బైబిలు తెరవొద్దు. దేవుడు నన్ను క్షమించాడు నువ్వెందుకు క్షమించవు అని గానీ, భార్యలు లోబడి ఉండాలని గానీ ఒక్క వచనం నోట్లోంచి రాకూడదు. కన్నీళ్లు పెట్టుకుని ఆవిడే మిమ్మల్ని ఓదార్చే పరిస్థితి తేవొద్దు. మీరు తగ్గించుకోవడానికి ఒప్పుకున్నారు, అందుకు ప్రతిఫలంగా క్షమాపణ ఇంత గడువులో అందాలని ఎక్కడా రాసి లేదు. ఆవిడకి ఏడాది పట్టొచ్చు, రెండేళ్లు పట్టొచ్చు.

మొక్కుబడి విషయం ఒకటుంది. అప్పు చేసి కానుక ఇచ్చానన్నారు, ఇక ఇవ్వకండి. నీ మీద నీ సహోదరునికి ఏదైనా ఉందని బలిపీఠం దగ్గర గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడమని కొండమీది ప్రసంగంలో ఉంది. మీ ఆవిడ నగల మీద తెచ్చిన డబ్బు కానుకల పెట్టెలో వేస్తే, అది ఆవిడ కానుకే అవుతుంది, ఆవిడకి తెలియకుండా.

చెప్పిన మర్నాడే ట్రేడింగ్ ఖాతా మూసేయండి. కనీసం ఆప్షన్స్ సెగ్మెంట్ తీసేయమని బ్రోకర్‌కి రాతపూర్వకంగా అడగండి. జీతం పడే ఖాతా ఆవిడ చూసుకోనివ్వండి, ఖర్చులకి ఆవిడ దగ్గరే తీసుకోండి. మగవాళ్లకి ఇది చాలా చిన్నతనంగా ఉంటుందని తెలుసు. తాకట్టుకి వడ్డీ ముందు కట్టి వేలం ఆపుకోండి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో యాప్‌లో అప్పు తీసుకోవద్దు.

వైద్యం దగ్గర మొహమాటపడొద్దు. పోగొట్టుకున్నది రాబట్టుకోవాలని మళ్లీ మళ్లీ పందెం కాయడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో జూద వ్యసనంగా చేర్చింది. ఫోన్‌లో చార్టులు చూస్తూ చేసినా, పేకముక్కలతో చేసినా మెదడుకి తేడా తెలియదు. దగ్గర్లో ఉన్న సైకియాట్రిస్ట్‌ను ఈ వారంలో కలవండి. దేవుణ్ణి నమ్ముకున్నవాడికి డాక్టరెందుకు అనేవాళ్లుంటారు. 1935లో అమెరికాలో తాగుడు మానడం కోసం మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంగతి తీసుకోండి. వాళ్ల 12 మెట్లలో మూడోది తమ జీవితాన్ని దేవుడికి అప్పగించడం. అక్కడ ఆగిపోలేదు. ఐదో మెట్టు, చేసిన తప్పులు దేవుడి ముందూ, తన ముందూ, ఇంకో మనిషి ముందూ ఒప్పుకోవడం. ఆ ఇంకో మనిషి లేకుండా అప్పగింత నిలవదని తాగుడుతో నలిగినవాళ్లే తెలుసుకున్నారు. తర్వాత జూదం మానాలనుకునేవాళ్లు కూడా ఇదే పద్ధతి తీసుకున్నారు.

మార్పు ఎప్పుడు వస్తుందని మీ ఆత్రం. నయమాను ఒకసారి మునిగి లేచినప్పుడు అతని చర్మం ఎలా ఉందో ఆ గ్రంథంలో లేదు. మూడోసారి, నాలుగోసారి ఎలా ఉందో కూడా లేదు. ఆవిడతో చెప్పిన రాత్రి మీకు తేలిగ్గా అనిపించొచ్చు, ఆ తేలిక రెండు రోజుల్లో పోవచ్చు. తర్వాతి వారం 9.15కి చెయ్యి ఫోన్ మీదికి వెళ్తుంది. ఆ టైమ్‌కి ఫోన్ మిల్లులో సొరుగులో పెట్టి తాళం వేసి, కాసేపు బయటికి వెళ్లి రండి. ఎక్కడైనా జారితే ఆ రోజే ఆవిడకి చెప్పండి, పోగుచేసి చెప్పొద్దు.

ఇక సంఘం. ఉత్తరం మొత్తంలో నన్ను బాగా భయపెట్టింది సంఘం డబ్బు ఇప్పటివరకు ముట్టుకోలేదన్న మాట. ముట్టుకోవడం గురించి మీరు ఆలోచించారని దాంతో తెలిసిపోతోంది. కోశాధికారి పదవి ఈ నెలలోనే వదిలేయండి. పుస్తకాలు, పాస్‌బుక్, రసీదు బుక్కులు ఇద్దరి సమక్షంలో లెక్క చూపించి అప్పగించి, సంతకాలు తీసుకోండి. ఆరోగ్యం బాగా లేదని సాకు చెప్పకండి. అప్పుల్లో ఉన్నాను, డబ్బు నా చేతిలో ఉండటం మంచిది కాదని పాస్టర్ గారికి ఒక్కరికి చెబితే చాలు, సంఘమంతటికీ చెప్పనక్కర్లేదు. ఆయన మంచివారైతే ప్రార్థన చేసి గుట్టుగా ఉంచుతారు. ఒకవేళ వచ్చే ఆదివారమే లేచి సాక్ష్యం చెప్పమంటే, ఇప్పుడు కాదండి అని చెప్పేయండి. నగలు విడిపించాక ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే ముందు మీ ఆవిడని అడగండి. వద్దంటే వదిలేయండి.