పల్లె బడుల పిల్లలకు దంత వైద్యం నిజంగా అందాలంటే ఏం చేయాలి?

మీ ఊరి ప్రభుత్వ బడిలో నిరుడు దంత పరీక్షా శిబిరం జరిగిందనీ, చాలామంది పిల్లలకు పిప్పిపళ్ళు ఉన్నాయని చీటీలు రాసిచ్చారనీ, ఆ తరువాత ఒక్కరికీ వైద్యం జరగలేదనీ రాశారు. మళ్ళీ శిబిరం పెట్టించాలా అని అడిగారు. ఒక దంత వైద్య కళాశాలలో పనిచేస్తూ ఎన్నో పల్లె బడులకు వెళ్ళినదానిగా నా సమాధానం: పరీక్ష కోసమే అయితే వద్దు, వైద్యం చేసి వెళ్ళేవారినే పిలవండి.

పరీక్షించే ఏర్పాటు మనకు ఇదివరకే ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి రావాలి. అది గుర్తించవలసిన సమస్యల్లో పిప్పిపళ్ళు కూడా ఉన్నాయి. అయితే ఆ బృందం కూర్పులో ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఏఎన్‌ఎం లేదా స్టాఫ్ నర్సు, ఒక ఫార్మసిస్టు ఉంటారే తప్ప దంత వైద్యులు లేరు. వారిచ్చిన చీటీ పట్టుకొని జిల్లా ఆసుపత్రికి వెళ్ళాలంటే తల్లి ఆ రోజు కూలి వదులుకోవాలి, బస్సు ఛార్జీలు పెట్టుకోవాలి, పని ఒక్కసారితో తెమలకపోతే మళ్ళీ వెళ్ళాలి. దీన్ని తల్లిదండ్రుల నిర్లక్ష్యం అంటే నేను ఒప్పుకోను. మధ్యాహ్న భోజనంలో మెత్తటి కోడిగుడ్డును కూడా ఒక దవడకే నెట్టుకొని నమిలే పిల్లవాణ్ణి చూసినప్పుడు, వాడి నొప్పి తల్లికి తెలియదని ఎలా అనుకుంటాం?

బడి వరండాలోనే చేయగల వైద్యం చాలా ఉంది. సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే ద్రవాన్ని చిన్న బ్రష్షుతో పుచ్చిన చోట పూస్తే, సూది, డ్రిల్లింగ్ లేకుండానే చాలా పళ్ళలో పుచ్చు ముదరకుండా ఆగుతుంది. ఆరు నెలలకు మళ్ళీ పూయడం మంచిది. గుంత పడిన పళ్ళను చేతి పరికరాలతోనే శుభ్రం చేసి గ్లాస్ అయనోమర్ సిమెంటుతో పూడ్చవచ్చు. దీనికి కరెంటు కూడా అక్కరలేదు. ఈ రెండింటినీ, ఫ్లోరైడ్ టూత్‌పేస్టునూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. అయితే ఆ ద్రవం పూసిన పుచ్చు శాశ్వతంగా నల్లబడుతుంది. ఈ మాట ఫొటో చూపించి ముందే చెప్పి, తల్లిదండ్రుల సంతకం తీసుకోవాలి. "ముందు పళ్ళకు వద్దు డాక్టరమ్మా, వెనక వాటికి పూయండి" అని ఒక తల్లి అంటే మేము అలాగే చేశాము. ఆమె కోరిక న్యాయమైనదే. చీము పట్టిన, రాత్రిళ్ళు నిద్రపట్టనివ్వని పంటికి మాత్రం ఇది పనికిరాదు. అలాంటి పిల్లలందరినీ ఒకే రోజు, ఒకే బండిలో, ఒక ఉపాధ్యాయుడినీ వీలైన తల్లిదండ్రులనూ తోడిచ్చి ఆసుపత్రికి పంపాలి.

ఇలా బడికే వచ్చి వైద్యం చేసేవారిని ఎక్కడ వెతకాలంటే, దగ్గరలోని దంత వైద్య కళాశాలలో పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ విభాగాధిపతికి ప్రధానోపాధ్యాయుల చేత లేఖ రాయించండి. హౌస్ సర్జన్లకు ఆ విభాగంలో పని చేయడం శిక్షణలో భాగమే, కనుక మీ అవసరమూ వారి అవసరమూ కలుస్తాయి. లేఖలో ఎంతమంది పిల్లలున్నారో, ఏ తరగతుల వారో రాసి, మొదటి రాకకూ ఆరు నెలల తరువాతి రాకకూ తేదీలు ఇప్పుడే అడగండి. రెండో తేదీ ఇవ్వని వారితో పని సగంలో ఆగుతుంది.

అన్నిటికన్నా ముందు ఒకటి, రెండు తరగతుల పిల్లలను చూపించండి. ఆరేళ్ళ ప్రాయంలో పాలపళ్ళ వెనక వచ్చే దవడ పన్ను ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కనుక, అది కూడా పాలపన్నే అనుకొని చాలామంది వదిలేస్తారు. అది పోతే మళ్ళీ రాదు. పత్తి ఏరే రోజుల్లో మాత్రం తేదీ పెట్టవద్దు. సంతకం చేయడానికి ఇళ్ళలో పెద్దవాళ్ళు దొరకరు.