‘చివరికి ఎక్కాం కదా’ అన్న మాట

ప్రశ్న: నాకు 43 సంవత్సరాలు. మా నాన్నగారికి 72. ఏ విమాన ప్రయాణమైనా నాలుగు గంటల ముందే అక్కడ ఉండాలంటారు. తెల్లవారగానే బూట్లు వేసుకుని తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంటారు. పోయిన నెల దేశంలోపలి ప్రయాణానికి గంటన్నర ముందు చేరితే చాలని నేనన్నాను. దారిలో వాహనాలు ఆగిపోవడంతో లగేజీ కౌంటర్ మూసే వేళకు చేరాం. ఆ తరువాత మైకులో మా పేర్లు పిలుస్తుంటే గేటు వరకు నేనూ, నా భార్యా, పిల్లలూ, నాన్నగారూ అందరం పరుగెత్తాం (నాన్నగారికి నిరుడు మోకాలి మార్పిడి ఆపరేషన్ జరిగింది). చివరికి విమానం ఎక్కాం కదా! అయినా ఆ రోజు నుంచి ఆయన నాతో ముభావంగా ఉంటున్నారు. వచ్చే నెల విదేశంలో ఉన్న మా చెల్లెలి ఇంటికి వెళ్లాలి. ‘మీరు వెళ్లిరండి, నేను రాను’ అంటున్నారు. ఎన్ని గంటల ముందు చేరితే సరిపోతుందో మీరు స్పష్టంగా చెబితే ఆయనకు చూపించి ఒప్పిస్తాను.

సమాధానం: మీరు అడిగినదానికి జవాబు ఒక్క వాక్యంలో అయిపోతుంది. దేశంలోపలి ప్రయాణానికి రెండు గంటలు, విదేశీ ప్రయాణానికి మూడు గంటలు ముందుగా చేరాలన్నది ప్రయాణికులందరికీ సాధారణంగా చెప్పే లెక్క. మోకాలి ఆపరేషన్ అయిన పెద్దవారు వెంట ఉంటే దానికి మరో అరగంట కలుపుకోవాలి. అయితే ఈ జవాబును దయచేసి మీ నాన్నగారికి చూపించవద్దు, ఎందుకంటే ఇందులో ఆయన కొత్తగా తెలుసుకోవలసినది ఏమీ లేదు. ఆయనకు తెలిసిన విషయాన్నే మీరు గంటన్నర అంటూ కొట్టిపారేశారు.

మీ ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదివాను. దారిలో ఆగిపోయిన వాహనాలకు ఒక పూర్తి వాక్యం ఇచ్చారు, తండ్రి మోకాలికి మాత్రం కుండలీకరణంలో చోటు చూపించారు. ఆపరేషన్ జరిగి ఏడాది అయిన కాలితో 72 ఏళ్ల మనిషి, కోడలూ మనవలూ చూస్తుండగా, తెలియని జనం మధ్య పరుగెత్తారు. దానికి మీరు వేసిన ముగింపు ‘చివరికి విమానం ఎక్కాం కదా’ అని. ఈ మాట మీరు ఆయనతో కూడా అని ఉంటారని నా అనుమానం. అలా అని ఉంటే, ఆయన ముభావానికి కారణం విమానాశ్రయంలో కాక ఆ మాటలోనే వెతకాలి.

ముందు ఆ రోజు లెక్క చూద్దాం. టికెట్టు మీద ముద్రించిన సమయం మనం ఎక్కవలసిన సమయం కాదు, తలుపులు మూసుకుని విమానం తన స్థానం నుంచి కదలవలసిన సమయం. గేటును దానికి పదిహేను నుంచి ఇరవై అయిదు నిమిషాల ముందే మూసివేస్తారు. లగేజీ తీసుకునే కౌంటర్‌ను దేశంలోపలి ప్రయాణాలకు చాలా సంస్థలు ముప్పావుగంట నుంచి గంట ముందే మూసివేస్తాయి. కాబట్టి మీరు అనుకున్న గంటన్నరలో దారి ఆలస్యానికి నిజంగా మిగిలింది అరగంటో, ముప్పావుగంటో మాత్రమే. ఆ కాస్త సమయం దారిలోనే అయిపోయింది. ఆ తరువాతి ప్రతి నిమిషమూ మీ నాన్నగారి కాళ్ల మీద భారమై పడింది.

మైకులో పేర్లు పిలవడం గురించి కూడా మీరు ఆలోచించాలి. పెట్టె అప్పగించిన ప్రయాణికుడు ఎక్కకపోతే, ఆ పెట్టెను వెతికి కిందికి దించిన తరువాతనే విమానం కదలాలి. 1985లో ఎయిర్ ఇండియా కనిష్క విమానంలో మనిషి ఎక్కకుండా పెట్టె మాత్రమే ఎక్కింది. అందులోని బాంబు 329 మంది ప్రాణాలు తీసింది. ఆ తరువాతే ఈ నియమం చాలా దేశాల్లో గట్టిపడింది. అందుకే రాని ప్రయాణికుల కోసం పేరుపేరునా పిలుస్తారు. ఆ పిలుపు వినిపిస్తున్నంతసేపూ లోపల కూర్చున్నవారంతా మీ కోసం ఎదురుచూస్తూనే ఉంటారు. తెల్లవారగానే బూట్లు వేసుకుని కూర్చునే మనిషి తన వల్ల ఇంకొకరికి ఆలస్యం కాకూడదని జీవితమంతా జాగ్రత్తపడి ఉంటారని నేను నమ్ముతున్నాను. తాను ఏ తప్పూ చేయకుండానే తన పేరు ఆలస్యంగా వచ్చినవారి జాబితాలో అందరికీ వినిపించడం ఆయనకు ఎంత చిన్నతనంగా ఉండి ఉంటుందో ఒక్కసారి ఊహించండి. విమానం తప్పిపోయి ఉన్నా ఆయన ఇంతగా బాధపడి ఉండేవారు కారేమో.

ఆయన నాలుగు గంటల పట్టుదలను మీరు వృద్ధాప్యపు గాభరాగా చూస్తున్నారు. మరొక వైపు నుంచి చూడండి. మీ చిన్నతనంలో ప్రయాణాలన్నీ ఎవరు నడిపించారు? టికెట్లు ఎవరి జేబులో ఉండేవి, పెట్టెలు ఎవరు లెక్కపెట్టేవారు? ఈ రోజు టికెట్టు మీ ఫోనులో ఉంది, బోర్డింగ్ పాస్ మీ ఫోనులో ఉంది, గేటు మారిందన్న కబురు కూడా మీ ఫోనుకే వస్తుంది. ఆయనకు తెలిసేదల్లా గోడ గడియారంలో ఎంత అయిందన్నది మాత్రమే. కుటుంబాన్ని క్షేమంగా చేర్చే బాధ్యతలో తనకంటూ మిగిలిన ఆ ఒక్క పనిని ఆయన శ్రద్ధగా చేస్తున్నారు. మీరు దాన్ని కూడా ఆయన చేతిలోంచి లాగేసుకుని, అందరి ఎదుటా తప్పని తేల్చారు. నా ఉద్దేశంలో ఇక్కడ నిజంగా చెడినది మీ తండ్రీకొడుకుల సంబంధమే. పెద్దల్ని వెంట తీసుకువెళ్లడం అంటే వారి సామానుతో పాటు వారి మాటను కూడా మోయడమని నేను అనుకుంటాను, ఈ విషయంలో నేను మెత్తబడలేను.

ఆయన లెక్కలో కొంచెం ఎక్కువ ఉన్నమాట నిజమే. చాలా విమానాలకు లగేజీ కౌంటర్‌ను మూడు, నాలుగు గంటల ముందు మాత్రమే తెరుస్తారు కాబట్టి మరీ ముందు వెళితే మూసి ఉన్న కౌంటర్ ఎదుట గట్టి కుర్చీలో కూర్చోవలసి వస్తుంది, అది ఆ మోకాలికి మంచిది కాదు. అయినా వచ్చే నెల ప్రయాణానికి మూడున్నర గంటలు సరైన సమయమైతే, ఆయన పొరపాటు అరగంట మాత్రమే. విదేశీ ప్రయాణంలో కౌంటర్‌ను సాధారణంగా గంట లేదా అంతకంటే కాస్త ముందే మూసివేస్తారు, ఆపైన ఇమిగ్రేషన్ వరుస ఉంటుంది. మోకాలిలోని లోహానికి సెక్యూరిటీ యంత్రం మోగవచ్చు. మోగితే పక్కకు పిలిచి చేతులతో తనిఖీ చేస్తారు, బూట్లు విప్పమని కూడా అడగవచ్చు. వంగి బూటు విప్పి మళ్లీ వేసుకోవడానికి ఆయనకు ఎంతసేపు పడుతుందో మీరు ఎప్పుడైనా చూశారా? అక్కడి నుంచి గేటు వరకు చాలా దూరం నడవవలసి రావచ్చు, మధ్యలో బాత్‌రూముకు వెళ్లవలసిన అవసరమూ ఉంటుంది. వీటిలో ఏదీ తొందరపెట్టదగిన పని కాదు.

కాబట్టి ఇలా చేయండి. ఈ వారంలోనే, భార్యాపిల్లలు పక్కన లేనప్పుడు ఆయన దగ్గర కూర్చుని, ‘ఆ రోజు మిమ్మల్ని పరుగెత్తించడం నా తప్పు’ అని చెప్పండి. దారిని, వాహనాలను మధ్యలోకి తీసుకురావద్దు. వెంటనే ఆయన కరిగిపోతారని ఆశించవద్దు, ‘సరేలే, అయిపోయిందిగా’ అని ముఖం తిప్పుకోవచ్చు. మీరు మాత్రం అక్కడి నుంచి లేవకండి. వీల్ చైర్ కావాలా అని అడగండి. అడగకుండా మీ అంతట మీరు రాయించవద్దు, కొందరికి అది సహాయం, కొందరికి అవమానం. ఆయన సరేనంటే విమాన సంస్థకు కనీసం 48 గంటల ముందు తెలియజేయండి. టికెట్లను కాగితం మీద అచ్చు వేయించి, అందరి పాస్‌పోర్టులతో కలిపి ఆయన చేతికి ఇవ్వండి. మీ ఫోనులో అన్నీ ఉన్నాయని అప్పుడు గుర్తుచేయవద్దు. కౌంటర్ ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో మీరు కనుక్కుని ఆయనకు చెప్పి, ఇంటి నుంచి ఎన్నింటికి బయలుదేరాలో నిర్ణయించమని ఆయననే అడగండి.

ఆయన చెప్పిన సమయం మీకు అరగంట ఎక్కువగా తోచినా బేరమాడవద్దు. ఆ రోజు ఆయన కంటే ముందుగా మీరు బూట్లు వేసుకుని తలుపు దగ్గర కూర్చోండి.